క్యాష్ పెంచితే కష్టాలు తీరతాయా?

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పటి సంగతి. భోగికి ముందు రోజు సాయంత్రం, మా కొట్లో ఓ మూల కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఫోన్లో కొలీగ్‌తో కాస్త గట్టిగానే మాట్లాడుతున్నాను. "క్యాష్ చాలట్లేదని ఎవరన్నారు? కావల్సినంత ఉంది. సమస్య అక్కడ కాదు" అంటున్నాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాన్న తలెత్తి, "ఏరా, ఎవరికి చాలట్లేదు? పండగ పూట ఎవరైనా ఇబ్బందుల్లో ఉంటే చెప్పు, సర్దుదాం" అన్నారు. కొట్లో ఉన్న నలుగురూ నావైపు తిరిగారు!

ఆ క్యాష్ వేరు, ఈ క్యాష్ వేరు అని చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కానీ చెబుతున్నకొద్దీ నాకే అనిపించింది, మా కొట్టుకీ డేటాబేసుకీ పెద్ద తేడా లేదని. ఆ సంగతే రాద్దామని ఈ టపా. డీబీఏ అన్నలకి ఇందులో కొత్తేమీ ఉండకపోవచ్చు. ఇది ముఖ్యంగా నాలాంటి డెవలపర్లకీ, "ర్యామ్ పెంచేద్దాం" అని మీటింగుల్లో తేల్చేసే మేనేజర్లకీను.

అన్నట్టు, మాది ఐ.పోలవరం. ఆఫీసులో ఎవరికి చెప్పినా "ఓహో, డ్యామ్ కడుతున్నారు కదా" అంటారు. అది వేరే పోలవరమండీ బాబూ. మాది కోనసీమ, ముమ్మిడివరం దాటాక మురమళ్ల పక్కన. మా ఊరి పేరు ముందున్న 'ఐ' అంటే ఐలాండు, అంటే లంక. మాకు డ్యామ్ లేదు, కాలువ ఉంది. ఆ కాలువ సంగతి చివర్లో చెబుతాను, దానికీ ఈ టపాకీ సంబంధం ఉంది.

సరే, అసలు విషయానికొద్దాం.

మా కొట్లో సరుకంతా వెనకాల గోడౌన్లో ఉంటుంది. గోడౌన్ పెద్దది, కానీ వెళ్లి తేవాలంటే టైము పడుతుంది. అందుకని రోజూ అమ్ముడుపోయే ఉప్పు, పప్పు, సబ్బులు, టీ పొడి కౌంటరు వెనక అరల్లో, చెయ్యి చాస్తే అందేలా పెడతారు. ఆ అరలే బఫర్ క్యాష్, గోడౌనే డిస్కు. డేటాబేసు ఏ వరస చదవాలన్నా, ఆ వరస ఉన్న బ్లాకు మొత్తాన్ని (పోస్ట్‌గ్రెస్‌లో 8 కేబీ, మైఎస్క్యూఎల్ ఇన్నోడీబీలో మామూలుగా 16 కేబీ) మెమరీలోకి తెచ్చుకుంటుంది. రెండోసారి ఎవరైనా అడిగితే గోడౌన్‌కి వెళ్లే పని లేదు.

అరలు నిండిపోతే? ఎప్పటినుంచో ఎవరూ అడగని సరుకు తీసి లోపల పెడతారు. డేటాబేసూ అంతే. పోస్ట్‌గ్రెస్ ప్రతి బఫరుకీ ఒక లెక్క పెట్టుకుంటుంది, వాడినప్పుడల్లా పెంచుతుంది, ఐదు దాటనివ్వదు. ఖాళీ కావల్సినప్పుడు గడియారం ముల్లులా తిరుగుతూ ఒక్కొక్కటీ తగ్గిస్తూ పోయి, సున్నాకి వచ్చిన దాన్ని తీసేస్తుంది. ఇన్నోడీబీ అయితే కొత్తగా వచ్చిన పేజీని నేరుగా ముందు వరసలో పెట్టదు. జాబితాలో చివరి నుంచి మూడు ఎనిమిదో వంతుల దగ్గర పెట్టి, మళ్లీ ఎవరైనా అడిగితేనే ముందుకి జరుపుతుంది. ఎందుకంటే ఎవడో నెలాఖరు రిపోర్టు కోసం టేబులు మొత్తం ఒకసారి చదివితే, ఆ ఒక్కడి కోసం ఉప్పూ పప్పూ ఉన్న అర ఖాళీ చెయ్యకూడదు కదా. పోస్ట్‌గ్రెస్ కూడా 2008లో వచ్చిన 8.3 నుంచి ఇలాంటి జాగ్రత్తే తీసుకుంటోంది. షేర్డ్ బఫర్స్‌లో నాలుగో వంతు కన్నా పెద్ద టేబులుని మొత్తం చదవాల్సొస్తే, 256 కేబీల చిన్న ఉంగరం లాంటి చోటునే తిప్పి తిప్పి వాడుకుంటుంది.

ఇక రాయడం సంగతి. నాన్న బేరం జరగ్గానే చిట్టాలో రాస్తారు. రాత్రి కొట్టు కట్టేముందు చిట్టా చూసి ఆవర్జాలోకి ఎక్కిస్తారు. డేటాబేసులో లాగ్ అంటే ఆ చిట్టాయే. మారిన బ్లాకులు మెమరీలోనే ఉంటాయి, చెక్‌పాయింటప్పుడు తీరిగ్గా డిస్కుకి ఎక్కుతాయి. మధ్యలో కరెంటు పోయినా చిట్టా ఉంది కాబట్టి లెక్క తప్పదు. ఇదంతా చెబితే నాన్న "దీనికి నాలుగేళ్లు ఇంజనీరింగు చదవాలా?" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు :-)

ఇప్పుడు అసలు గొడవ. అరల్లో సరుకు సరిపోతోందా లేదా అని ఎలా తెలుస్తుంది? వందమంది అడిగితే తొంభై తొమ్మిది మందికి అరల్లోంచే ఇచ్చామనుకోండి, హిట్ రేషియో 99 శాతం. వినడానికి ఎంత బాగుందో కదా. ఒరాకిల్ రోజుల నుంచీ మన పరిశ్రమలో దీన్ని పట్టుకుని వేలాడిన వాళ్లు ఎందరో. 90 దాటితే మంచిది, 95 దాటితే భేష్, 99 అయితే ఇంక డేటాబేసు జోలికి వెళ్లక్కర్లేదు అనేవాళ్లు.

కానీ చిన్న లెక్క చూడండి. ఒక క్వెరీ పని పూర్తి చెయ్యడానికి 100 బ్లాకులు చూసింది, అందులో 10 డిస్కు నుంచి తెచ్చింది. హిట్ రేషియో 90. ఇంకో క్వెరీ అదే జవాబు ఇవ్వడానికి 10 లక్షల బ్లాకులు చూసింది, వెయ్యి డిస్కు నుంచి తెచ్చింది. హిట్ రేషియో 99.9. ఏది మంచిది? రేషియో ప్రకారం రెండోది. బుర్ర ప్రకారం మొదటిది. ఒక్క సబ్బు కోసం అరల్లో సామానంతా పదివేల సార్లు తడిమేవాణ్ని చూసి "ఆహా, గోడౌన్‌కి వెళ్లకుండానే పని కానిచ్చాడు" అని మెచ్చుకోం కదా!

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. ఒరాకిల్ ప్రపంచంలో కేరీ మిల్సప్ ఎప్పుడో, 99 శాతం హిట్ రేషియో ఉన్నంత మాత్రాన అంతా బావున్నట్టు కాదని ఒక పేపరే రాశాడు. కానర్ మెక్‌డొనాల్డ్ అయితే ఇంకో అడుగు ముందుకేసి, మీకెంత హిట్ రేషియో కావాలో చెప్పండి, తెచ్చి పెడతానంటూ ఒక ప్రొసీజరు రాసి పెట్టాడు. అది చేసేదల్లా కావల్సిన రేషియో వచ్చేదాకా మెమరీలో ఉన్న బ్లాకుల్ని ఊరికే చదువుతూ పోవడమే. పని ఏమీ జరగదు, అంకె మాత్రం పెరుగుతుంది. నవ్వొస్తుంది కానీ, మన డ్యాష్‌బోర్డుల్లో సగం ఇలాంటివే అని తల్చుకుంటే నవ్వు ఆగిపోతుంది.

ఇక నాకు జరిగింది చెబుతాను. కంపెనీ పేరూ, క్లయింటు పేరూ అడక్కండి.

రెండేళ్ల కిందట మా క్లయింటు ఒక మందుల షాపుల గొలుసు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, సర్వర్లో 64 జీబీ ర్యామ్. సాయంత్రం ఆరయ్యేసరికి కౌంటర్లన్నీ నత్తనడక. బిల్లు రావడానికి నిమిషం, ఒక్కోసారి రెండు. సబ్బుల కొట్టయితే పోన్లే అనుకోవచ్చు. మందుల షాపులో లైన్లో నిలబడేది జ్వరంతో ఉన్న పిల్లని ఎత్తుకున్న తల్లి, ఇన్సులిన్ కోసం వచ్చిన పెద్దాయన. క్లయింటు రోజూ ఫోన్లో అరుపులు.

మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు డేటాబేసు చూసేవాడు. షేర్డ్ బఫర్స్ 16 జీబీ పెట్టాడు. అంటే ర్యామ్‌లో నాలుగో వంతు. డాక్యుమెంటేషన్ మొదలుపెట్టమని చెప్పేది కూడా అంతే. ఎందుకంటే పోస్ట్‌గ్రెస్ ఆపరేటింగ్ సిస్టమ్ క్యాష్ మీద కూడా ఆధారపడుతుంది. 40 శాతం దాటిస్తే అదనంగా పెద్దగా ఒరిగేది ఉండకపోవచ్చని కూడా అందులోనే రాసి ఉంటుంది. కానీ రివ్యూ కాల్‌లో ఎవరో సీనియరు, "64 జీబీ పెట్టుకుని 16 వాడతారా? ఎవరు చేశారిది?" అన్నారు. అంతే. మొత్తం కాల్ ఆ కుర్రాడి మీదకి మళ్లింది. వాడు "సార్, డాక్యుమెంట్‌లో..." అనబోతే పూర్తి చెయ్యనివ్వలేదు.

ఆ కాల్‌లో నేనూ ఉన్నాను. నా ఎదురుగా డ్యాష్‌బోర్డు ఉంది. హిట్ రేషియో 99.8 అని కనిపిస్తూనే ఉంది. అడిగినవన్నీ అరల్లోనే దొరుకుతున్నప్పుడు అర చిన్నదవడం సమస్య ఎలా అవుతుంది? ఈ ఒక్క ముక్క అడగొచ్చు. అడగలేదు. అప్రైజల్స్ ముందు ఎవరు నోరు తెరుస్తారు చెప్పండి? మ్యూట్‌లో కూర్చున్నాను.

తర్వాత సర్వర్ని 128 జీబీకి మార్చారు, షేర్డ్ బఫర్స్ 48 చేశారు. క్లౌడ్ బిల్లు దాదాపు రెట్టింపు. పోస్ట్‌గ్రెస్‌లో ఆ సెట్టింగు మార్చాలంటే రీస్టార్ట్ చెయ్యాలి. చేశాక అరలన్నీ ఖాళీ కాబట్టి ఆ పూటంతా ఇంకా నెమ్మదించింది. మర్నాడు సాయంత్రం ఆరింటికి మళ్లీ పాత కథే. కుర్రాణ్ని ప్రాజెక్టులోంచి తీసేశారు. రెండు నెలలు బెంచి మీద కూర్చున్నాడు.

తర్వాత రెండు వారాలకి, క్వెరీల గణాంకాలు దాచే ఎక్స్‌టెన్షన్ ఆన్ చేసి, మొత్తంగా ఎక్కువ టైము తిన్న క్వెరీలేవో వరసగా పెట్టి చూశాను. మొదటి స్థానంలో ఉన్నది కస్టమర్ని వెతికే క్వెరీ. కౌంటర్లో అమ్మాయి ఫోన్ నంబరు చివరి ఆరు అంకెలు కొడుతుంది, క్వెరీ ఆ అంకెల ముందు శాతం గుర్తు పెట్టి వెతుకుతుంది. ఫోన్ నంబరు మీద ఇండెక్సు ఉంది. కానీ మొదలు తెలీకుండా చివర తెలిస్తే మామూలు ఇండెక్సు ఏం చేస్తుంది? నిఘంటువులో 'తో ముగిసే' పదాలు వెతకమన్నట్టు ఉంటుంది. కాబట్టి ప్రతిసారీ అరవై లక్షల మంది కస్టమర్ల టేబులు మొత్తం, సుమారు లక్షన్నర బ్లాకులు చదివేది. టేబులు సైజు ఓ జీబీ పైచిలుకే కాబట్టి అన్నీ క్యాష్‌లోనే ఉండేవి. అందుకే 99.8! డిస్కు హాయిగా నిద్రపోతోంది, సీపీయూలు మాత్రం ఉడికిపోతున్నాయి. సాయంత్రం వందల కౌంటర్లు ఒక్కసారే వెతికితే ఇంకేముంది.

మందు చాలా చిన్నది. నంబరుని తిరగేసి దాని మీద ఒక ఇండెక్సు, క్వెరీలో కూడా తిరగేసి వెతకడం. లక్షన్నర బ్లాకులు పోయి పదో పదిహేనో అయ్యాయి. కౌంటర్లో బిల్లు వెంటనే రావడం మొదలైంది. సర్వర్ని మళ్లీ 64కి దింపినా ఏమీ కాలేదు. ఇంకో విచిత్రం చెప్పనా? హిట్ రేషియో కొద్దిగా తగ్గింది! అనవసరంగా చదివే చదువులు పోయాయి కదా మరి.

మెయిల్ పెట్టాను, అందరికీ. 16 జీబీ సెట్టింగు తప్పు కాదని అందులో స్పష్టంగా రాశాను. "గుడ్ క్యాచ్" అని నాకు జవాబులొచ్చాయి. కుర్రాడి గురించి ఒక్కరూ రాయలేదు. వాడికి ఫోన్ చేస్తే "పర్లేదన్నా, నేను చూసే పెట్టానని మీకైనా తెలిసింది" అన్నాడు. ఆ "మీకైనా" దగ్గర నాకు మాట రాలేదు. ఎందుకంటే నాకు ఆ రోజే తెలుసు.

అందుకే ఇది నాకు ఒట్టి ట్యూనింగ్ విషయం కాదు. కారణం తెలీనప్పుడు కనిపించే ఒక అంకెని పట్టుకుంటాం. ఆ అంకె పెట్టినవాడు ఎవడో చూసి వాణ్ని పట్టుకుంటాం. సెట్టింగ్ ఫైల్లో ఉన్న అంకె అందరికీ అర్థమవుతుంది, క్వెరీ ప్లాన్ ఎవరూ చదవరు. కాబట్టి తప్పు ఎప్పుడూ సెట్టింగుదే అవుతుంది.

అలాగని క్యాష్ సైజు దండగ అని నేననట్లేదు. పోస్ట్‌గ్రెస్, ఇన్నోడీబీ రెండింటిలోనూ డిఫాల్ట్ 128 ఎంబీయే. 64 జీబీ సర్వర్లో అదే ఉంచేసి "మా డేటాబేసు స్లో" అంటే అది మన తప్పే. మైఎస్క్యూఎల్ ఒక్కటే నడిచే సర్వరైతే బఫర్ పూల్‌కి 80 శాతం దాకా ఇవ్వొచ్చని వాళ్ల మాన్యువలే చెబుతుంది. 5.7 నుంచి రీస్టార్ట్ లేకుండానే మార్చుకోవచ్చు. ఒరాకిల్‌లో 9ఐ కాలం నుంచే క్యాష్ అడ్వైజరీ ఉంది. సైజు ఇంత పెంచితే డిస్కు చదువులు ఇంత తగ్గుతాయి అని అంచనా వేసి పట్టికలో చూపిస్తుంది. ఆ గీత బల్లపరుపుగా ఉంటే ఇంక పెంచి లాభం లేదని అర్థం.

నా మటుకు నేను ఇప్పుడు పాటించే వరస ఇదీ:

మొదట, జనం దేనికోసం ఎదురుచూస్తున్నారో చూడాలి. డిస్కు కోసమా, సీపీయూ కోసమా, ఎవడో పట్టుకు కూర్చున్న లాక్ కోసమా? డిస్కు కాకపోతే క్యాష్ మాట ఎత్తక్కర్లేదు.

డిస్కే అయితే, ఏ క్వెరీ ఎక్కువ బ్లాకులు చదువుతోందో చూడాలి. ప్లాన్‌తో పాటు బఫర్ల లెక్క కూడా చూపించమని అడిగితే పోస్ట్‌గ్రెస్ చెబుతుంది. పది వరసల జవాబుకి లక్ష బ్లాకులు చదువుతుంటే రోగం అక్కడే ఉంది.

క్వెరీలన్నీ సరిగ్గానే ఉండి, అవే బ్లాకులు మాటిమాటికీ డిస్కు నుంచి వస్తుంటే, అప్పుడు అర నిజంగానే చిన్నది. పెంచండి. కొంచెం కొంచెంగా పెంచండి, ఒక్కసారికి ఒక్కటే మార్చండి, రద్దీ టైములో కొలవండి.

పెంచేముందు మిగతా ఖర్చు లెక్కేయండి. కనెక్షన్లకీ, సార్టులకీ వేరే మెమరీ కావాలి. పోస్ట్‌గ్రెస్‌లో వర్క్ మెమ్ అనేది కనెక్షన్‌కి ఒకటి కూడా కాదు, ఒకే క్వెరీలో సార్టుకి ఒకటి, హాష్‌కి ఒకటి పడొచ్చు. అన్నీ క్యాష్‌కే ఇచ్చేస్తే సర్వరు స్వాప్‌లోకి పోతుంది. అప్పుడు మెమరీలో ఉందని మనం అనుకునే బ్లాకు నిజానికి డిస్కు మీద ఉంటుంది. లేదా లినక్స్ డేటాబేసు ప్రాసెస్‌నే చంపేస్తుంది. అరలు పెంచీ పెంచీ కొట్లో మనిషి నిలబడే చోటు లేకుండా చేసుకోవడమన్నమాట.

రీస్టార్ట్ అయ్యాక ఖాళీ అరల సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. ఇన్నోడీబీ ఆగేముందు ఏ పేజీలున్నాయో రాసుకుని, లేచాక వాటిని తెచ్చుకోగలదు. పోస్ట్‌గ్రెస్‌కీ 11వ వెర్షన్ నుంచి అలాంటి ఏర్పాటు ఉంది. పెట్టుకోవడం మర్చిపోయేది మనమే.

"ఇవన్నీ చూస్తూ కూర్చునే ఇంజనీరు జీతం కన్నా ర్యామ్ చవక కదా" అనేవాళ్లుంటారు. తీసిపారెయ్యాల్సిన మాట కాదిది. 1987లోనే జిమ్ గ్రే, ఫ్రాంకో పుట్‌జోలు ఐదు నిమిషాల సూత్రం చెప్పారు. ఐదు నిమిషాలకి ఒకసారైనా వాడే పేజీని మెమరీలో ఉంచుకోవడమే లాభం అని. ర్యామ్ ధరా, డిస్కు ధరా పోల్చి వేసిన పక్కా వ్యాపారి లెక్క అది. క్యాష్ ఎంతుండాలనేది ఎప్పుడూ డబ్బు లెక్కే. కాకపోతే ఆ లెక్క, పేజీని నిజంగా చదవాల్సిన అవసరం ఉందనుకుని వేసింది. చదవాల్సిన పనే లేని లక్షన్నర బ్లాకులకి ఏ ధర పెట్టినా దండగే. పైగా క్లౌడ్‌లో ర్యామ్ ఒకసారి కొనేది కాదు, నెలనెలా కట్టే అద్దె.

ఇక మా కాలువ సంగతి. మా లంకకి నీళ్లు ధవళేశ్వరం నుంచి రావాలి. కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. మేం శివారు ఆయకట్టు వాళ్లం, నీళ్లు అందరికన్నా ఆఖరున అందేది మాకే. చిన్నప్పుడు నీళ్లు రాకపోతే పెద్దవాళ్లు "పైనుంచి ఇంకా వదలమనాలి" అనేవారు. మా తాతయ్య మాత్రం పార భుజాన వేసుకుని బోదె వెంబడే నడిచేవారు. గుర్రపుడెక్క అడ్డుకున్న చోటో, ఎవరో గండి కొట్టిన చోటో దొరికేది. బోదె పూడిపోయి ఉంటే పైన ఎంత వదిలినా మధ్యలో వాళ్ల చేలు మునుగుతాయి తప్ప మా చేలో తడి చేరదు. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు వాళ్లు చెప్పిన కష్టాల్లో మురుగు కాలువల పూడిక కూడా ఒకటి. నీళ్లు లేకపోవడమే కాదు, ఉన్న నీళ్లు పోకపోవడమూ కష్టమే.

తాతయ్య ఇంజనీరింగు చదవలేదు. కానీ పైన ఎంతుందని అడిగేముందు మధ్యలో ఏం జరుగుతోందో నడిచి చూసేవారు. మనం నడవం. డ్యాష్‌బోర్డు చూసి, కాల్ పెట్టి, దగ్గర్లో ఉన్నవాణ్ని అడుగుతాం.

మొన్నటి ఫోన్ కాల్ కూడా అదే రకం. వేరే ప్రాజెక్టు, వేరే డేటాబేసు, మళ్లీ అదే మాట, మళ్లీ "ఎవరు పెట్టారీ సైజు?" అనే ప్రశ్న. ఈసారి మ్యూట్‌లో కూర్చోలేదు. క్వెరీ ప్లాన్ చూశాకే పేర్లు మాట్లాడుకుందాం అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. అప్రైజల్ ఏమవుతుందో చూడాలి :-) కొట్లో అందరూ నన్ను చూస్తుండగా అన్నాను కాబట్టి వెనక్కి తీసుకోవడానికీ లేదు.

ఆ కుర్రాడు ఇప్పుడు వేరే కంపెనీలో మంచి డీబీఏ. అప్పుడప్పుడు ప్లాన్లు పంపి అడుగుతుంటాను, ఓపిగ్గా చూసి చెబుతాడు. ఆ కాల్ సంగతి మాత్రం నేనెప్పుడూ ఎత్తలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

మీ ఆఫీసుల్లో ఎలా ఉంటుందో మరి? మొదట ప్లాన్ చూస్తారా, మనిషిని చూస్తారా?